గర్భిణుల మతిమరుపుకు మందుల షాపులో దొరికేవి: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

ఐదో నెల దాటిన ఇల్లాలు మందుల షాపుకు వెళ్లి "ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదండీ" అంటే చాలు, కౌంటర్ మీదికి మూడు రకాలు వస్తాయి. ఒకటి డీహెచ్‌ఏ క్యాప్సూల్స్. రెండోది బ్రాహ్మి పేరుతో మాత్రలో సిరప్పో. మూడోది చాక్లెట్ రుచితో తల్లుల కోసం చేసిన ప్రొటీన్ పౌడర్. ఈ మూడింటి పక్కన, జ్ఞాపకశక్తి పేరు చెప్పి ఎవరూ అమ్మని మరో మూడింటిని పెట్టి చూడాలి: పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, ఏడు రోజుల మాత్రల డబ్బా. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. మతిమరుపు తగ్గాలని ఖర్చు పెట్టేటట్టయితే ఆ డబ్బు రెండో వరసకే పోవాలి. మొదటి వరసలో డీహెచ్‌ఏ ఒక్కదానికే చోటుంది, అదీ బిడ్డ కోసం.

మెదడులో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే డబ్బా మీది మాటలను తూకం వేయడం తేలిక. 2016లో బార్సిలోనా, లైడెన్ శాస్త్రవేత్తలు తొలిచూలు తల్లుల మెదడును గర్భానికి ముందూ కాన్పు తర్వాతా స్కాన్ చేసి చూశారు. మెదడులోని బూడిదరంగు పదార్థం పరిమాణం తగ్గింది, రెండేళ్ల తర్వాత చూసినా ఆ మార్పు అలాగే ఉంది. ఎదుటివారి మనసును కనిపెట్టడానికి పనికొచ్చే ప్రాంతాల్లో ఆ మార్పు ఎక్కువ. అయితే ఆ తల్లులకు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల ఏదీ కనబడలేదు. 2024లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన అధ్యయనంలో ఒకే స్త్రీకి, గర్భానికి మూడు వారాల ముందు నుంచి కాన్పయిన రెండేళ్ల దాకా, 26 సార్లు స్కాన్ తీశారు. బూడిదరంగు పదార్థం నాలుగు శాతం దాకా తగ్గింది. నరాల తీగల కట్టల పటుత్వం మాత్రం రెండో త్రైమాసికం దాకా పెరిగి, కాన్పు నాటికి మళ్లీ మొదటి స్థాయికి వచ్చింది. ఇది మెదడు అరిగిపోవడం కాదు. యుక్తవయసు పిల్లల మెదడులో అక్కరలేని కొమ్మలు కత్తిరించుకుని కొత్త పనికి సిద్ధమయ్యే తీరు ఒకటుంది, ఇదీ దాన్ని పోలిన మార్పేనని శాస్త్రవేత్తల అంచనా. దీన్ని ఆపే మాత్ర లేదు, ఆపాల్సిన అవసరమూ లేదు.

మరి మరుపు సంగతి? అదీ నిజమే. 20 అధ్యయనాలను కలిపి 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన లెక్కలో, మామూలు స్త్రీలతో పోలిస్తే గర్భిణుల జ్ఞాపకశక్తి, పనులను వరుసలో పెట్టుకునే శక్తి కొంత తక్కువగా ఉన్నాయి. మూడో త్రైమాసికంలో తేడా ఎక్కువ. అయినా ఆ మార్కులు ఆరోగ్యవంతుల హద్దులోనే ఉన్నాయి. తప్పిపోయేది ఎక్కువగా చేయాల్సిన పనే: పాలు పొయ్యి మీద పెట్టామని, మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలని, గురువారం స్కానింగుకు వెళ్లాలని సమయానికి గుర్తు రాకపోవడం. చూసిన మొహం, తెలిసిన దారి, నేర్చిన పని ఎక్కడికీ పోవు. కాబట్టి ఇక్కడ కావలసింది, మరిచిపోయినా పని ఆగకుండా చూసే ఏర్పాటు. దాంతోపాటు మరుపును పెంచే ఇతర కారణాలను, అంటే రక్తహీనతను, థైరాయిడ్‌ను, నిద్రలేమిని వెతికి పట్టుకోవడం.

ఇప్పుడు డీహెచ్‌ఏ. చేపనూనెలోనూ నాచు నూనెలోనూ ఉండే ఒమేగా-3 రకం కొవ్వు ఆమ్లం ఇది. బిడ్డ మెదడు, కంటి రెటీనా కట్టుబడిలో దీని వాటా పెద్దది. గర్భిణులకు రోజుకు కనీసం 200 మి.గ్రా. అన్నది సాధారణ సిఫారసు. ఒమేగా-3 తీసుకున్నవారిలో నెలలు నిండని కాన్పులు తగ్గాయని వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష తేల్చింది: 37 వారాల లోపు కాన్పులు 13.4 నుంచి 11.9 శాతానికి, 34 వారాల లోపువి 4.6 నుంచి 2.7 శాతానికి. ఇది గట్టి ఫలితం. కానీ తల్లి జ్ఞాపకశక్తి పెరుగుతుందన్నదానికి ఇంత గట్టి ఆధారం లేదు. 2010లో వెలువడిన ఆస్ట్రేలియా ప్రయోగంలో 2,399 మంది గర్భిణులను తీసుకుని, కొందరికి రోజుకు 800 మి.గ్రా. డీహెచ్‌ఏ, మిగతావారికి మామూలు నూనె క్యాప్సూల్స్ ఇచ్చారు. అందులో తల్లుల విషయంలో చూసింది మరుపును కాదు, కాన్పు తర్వాతి కుంగుబాటును. అదీ రెండు జట్లలోనూ ఒకేలా ఉంది. అంచేత ఇంట్లో చేపలు తినే అలవాటు లేకపోతే డీహెచ్‌ఏ కొనండి, బిడ్డ కోసం కొనండి. మతిమరుపు తగ్గలేదని రోజుకు రెండు మూడు వేసుకోవద్దు.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు చూడకండి, వెనక్కి తిప్పండి. అసలు కిటుకంతా అక్కడుంది. "డీహెచ్‌ఏ 40% నూనె 500 మి.గ్రా." అని రాసి ఉంటే అందులో అసలు డీహెచ్‌ఏ 200 మి.గ్రా. "డీహెచ్‌ఏ 10% పౌడర్ 400 మి.గ్రా." అయితే చేతికొచ్చేది 40 మి.గ్రా. మాత్రమే, అంటే ఐదు మాత్రలు మింగితే గానీ ఒక రోజు లెక్క తీరదు. పద్దెనిమిది రకాల విటమిన్లతో పాటు డీహెచ్‌ఏ కూడా ఉందని చెప్పే మాత్రల్లో ఈ పౌడర్ లెక్కే ఎక్కువ. ధర పోల్చడానికి పట్టీ ధరను క్యాప్సూళ్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని ఒక్కో క్యాప్సూల్‌లోని అసలు డీహెచ్‌ఏ మిల్లీగ్రాములతో భాగించి, 200తో గుణించండి. పది క్యాప్సూళ్ల పట్టీ 250 రూపాయలు, ఒక్కోదాంట్లో 200 మి.గ్రా. అనుకుంటే రోజుకు 25, నెలకు 750 రూపాయలు. 180 రూపాయలకే దొరికే పట్టీలో 100 మి.గ్రా. చొప్పున ఉంటే రోజుకు 36 పడుతుంది. చవకనుకున్నదే ఖరీదన్నమాట.

అదే వెనక వైపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలతో ఉండాలి. "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న మాట కూడా ఉంటుంది. అంటే చట్టం లెక్కలో అది ఆహార పదార్థం, జబ్బు నయం చేసే మందు కాదు. ముందువైపు మెదడు బొమ్మ ఎంత పెద్దగా వేసినా ఈ చిన్న అక్షరాల వాక్యమే నిజం. శాకాహారులు పచ్చ గుర్తు చూసుకోవాలి. నూనె నాచుదే అయినా పైతొడుగు జంతువుల నుంచి తీసే జెలటిన్‌ది అయితే ఆ గుర్తు ఉండదు. కాడ్ లివర్ ఆయిల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది చేప కాలేయం నూనె, అందులో రెటినాల్ రూపంలో విటమిన్ ఎ ఎక్కువ. తొలి నెలల్లో అది మోతాదు మించితే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. ఇంటికి తెచ్చాక ఒక క్యాప్సూల్‌ను సూదితో గుచ్చి వాసన చూడండి. లేత చేప వాసన ఫరవాలేదు, పాత పెయింటు డబ్బా తెరిచినట్టు ఘాటుగా కొడితే నూనె పాడైంది. క్యాప్సూల్‌ను భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. పరగడుపున వేసుకుంటే చేప తేన్పులు, వికారం.

చేపలు తినే ఇళ్లలో ఈ ఖర్చే అక్కర్లేదు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. వేపుడు కన్నా పులుసే మేలు. పెద్ద సొరచేపల్లో పాదరసం పేరుకుంటుంది. పాలు పడతాయని బాలింతకు సొర వండిపెట్టే ఆచారం కోస్తాలో ఉంది గానీ, గర్భంతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ దాన్ని పక్కన పెట్టి చిన్న చేపలే పెట్టడం క్షేమం. అవిసె గింజలు మంచివే, కానీ వాటిలోని కొవ్వు ఒంట్లో డీహెచ్‌ఏగా మారేది చాలా కొద్దిగా.

బ్రాహ్మి విషయంలో మొదటి చిక్కు పేరు దగ్గరే. మన దగ్గర ఆ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతాయి. గుండ్రటి ఆకులతో నేల మీద పాకే సరస్వతి ఆకు, అంటే సెంటెల్లా ఏషియాటికా, ఒకటి. చిన్న దళసరి ఆకుల బకోపా మొన్నియెరి రెండోది. పెద్దల జ్ఞాపకశక్తి మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది బకోపా సారం, రోజుకు 300 మి.గ్రా., 12 వారాల పాటు. ఆ ప్రయోగాలు గర్భిణుల మీద చేసినవి కావు. సీసా మీద శాస్త్రీయ నామం లేకపోతే లోపల ఏ ఆకు ఉందో అమ్మేవాడికీ తెలియదు. గర్భంలో దాని భద్రతకు సరైన పరీక్షలు లేనప్పుడు, ఆయుర్వేదం కదా ఏమీ కాదులే అనుకుని వాడడం మంచిది కాదు. వదిలేయండి.

ప్రొటీన్ పౌడర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. పదార్థాల పట్టికలో మొదటి మూడింటిలో చక్కెరో, చక్కెరలాగే పనిచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థమో ఉంటే అది చక్కెర పొడి కింద లెక్క. రెండు కోడిగుడ్లలో సుమారు 12 గ్రాములు, గుప్పెడు వేరుశనగల్లో 7 గ్రాముల పైన ప్రొటీన్ దొరుకుతుంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్షలో చక్కెర 140 గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లు ఈ పౌడర్ అసలే తాగకూడదు.

ఇక రెండో వరస. ఎర్ర ఐరన్ మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52.2 శాతం మంది, రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే ఆయాసం, నీరసంతో పాటు ధ్యాస నిలవకపోవడం మొదలవుతుంది. దీనికో దొడ్డిదారి కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఇనుము నిల్వలు అడుగంటితే రాత్రి పడుకోగానే కాళ్లు జుమ్మంటూ కదపకుండా ఉండలేనట్టు అవుతుంది. నిద్ర పట్టదు, పొద్దున్నే బుర్ర పనిచేయదు. అలాంటి మనిషికి డీహెచ్‌ఏ ఎంత పోసినా ప్రయోజనం సున్నా. హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 దాకా ఉంటే రక్తహీనత మీది జాతీయ కార్యక్రమం రోజుకు రెండు మాత్రలు చెబుతుంది. 7 కన్నా తగ్గితే మాత్రలతో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఈ మాత్ర మీద ఫిర్యాదులు రెండు: వికారం, మలబద్ధకం. రాత్రి భోజనం అయిన గంటకు, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే వికారం చాలావరకు నిద్రలో గడిచిపోతుంది. మలం నల్లగా రావడం మామూలే, భయపడి ఆపేయొద్దు. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే మాత్రం మింగిన ఇనుములో ఎక్కువ భాగం దండగ.

పూర్తి శాకాహారులకు ఒక హెచ్చరిక. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, దానికి తోడు మరుపు ఉంటే బి12 పరీక్ష అడగండి. ఫోలిక్ ఆమ్లం రక్తం లెక్కను సరిచేసి బి12 లోపాన్ని కప్పిపెడుతుంది, లోపల నరాల దెబ్బ సాగిపోతూనే ఉంటుంది.

టీఎస్‌హెచ్ పరీక్షను ఈ మొత్తంలో అన్నిటికన్నా విలువైన ఖర్చుగా లెక్కేస్తాం. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అప్పుడు వచ్చే మందకొడితనం, మరుపు, మలబద్ధకం, అలసట అన్నీ గర్భం లక్షణాల్లాగే ఉంటాయి, అందుకే "కడుపుతో ఉంటే అంతేలే" అంటూ దాటిపోతాయి. మొదటి విజిట్‌లోనే ఈ పరీక్ష అయిందో లేదో ఫైలు తీసి చూసుకోండి. ముందు నుంచే థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్లకు గర్భం నిలవగానే మోతాదు దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది. నెల తప్పిందని తెలిసిన వారంలోనే డాక్టర్‌ను కలవాలి. సగం నెలలు గడిచేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష చేయించుకోవాలి.

మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ దిగిరావడం లేదంటే మొదట అనుమానించాల్సింది మాత్రల వేళలనే. థైరాయిడ్ మాత్రకూ ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య కనీసం రెండు గంటలు. అన్నీ కలిపి టిఫిన్ తర్వాత గుప్పెట్లో వేసుకుని మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుని, మూడూ సగం సగమే పనిచేస్తాయి. కుదిరే వేళలు ఇవి: పొద్దున ఆరింటికి పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర, టీ అరగంట ఆగి. మధ్యాహ్నం భోజనం తర్వాత కాల్షియం, దాంతోనే డీహెచ్‌ఏ. సాయంత్రం అయిదున్నరకు ఏదైనా తిని రెండో కాల్షియం. రాత్రి తొమ్మిదిన్నరకు ఐరన్. మరుపే ఇబ్బందిగా ఉన్న మనిషి ఇవన్నీ తలలో పెట్టుకోవాలనడం అన్యాయం.

అందుకే మాత్రల డబ్బా. వారానికి ఏడు వరసలు, రోజుకు నాలుగు గదులు ఉన్నదే తీసుకోండి. రోజుకు ఒకటే గది ఉన్నది ఇక్కడ పనికిరాదు, అన్నీ మళ్లీ ఒకే గుప్పెట్లోకి వస్తాయి. ప్రతి గది మూత విడిగా టిక్కుమని పడాలి. షాపులోనే తలకిందులు చేసి ఊపి చూడండి. మూతలు లోపల కనిపించేలా పారదర్శకంగా ఉండడం ముఖ్యం, ఎందుకంటే ఈ డబ్బా అసలు ఉపయోగం గుర్తు చేయడం కాదు, "వేసుకున్నానా లేదా" అన్న ప్రశ్నకు జవాబివ్వడం. గది ఖాళీగా ఉందంటే వేసుకున్నట్టే. ఆ జవాబు లేకనే ఒక్కో రోజు థైరాయిడ్ మాత్ర రెండుసార్లు పడుతుంది. పట్టీలోంచి తీసిన మాత్రకు తేమ తగిలితే పాడవుతుంది, కాబట్టి ఒక వారానికే నింపాలి, వంటింటి గట్టు మీద పెట్టకూడదు. డీహెచ్‌ఏ మెత్తటి క్యాప్సూల్స్ వేసవిలో అతుక్కుపోతాయి, వాటిని సీసాలోనే ఉంచండి.

ఫోన్ అలారం దీనికి తోడు. అలారానికి "మందు" అని పేరు పెడితే నిద్రమత్తులో ఆపేస్తారు. "ఐరన్, నిమ్మరసంతో, టీవీ పక్క డబ్బా" అని పెట్టండి. చేసే పనికి అతికించిన మాత్ర గడియారానికి అతికించిన మాత్ర కంటే బాగా గుర్తుంటుంది: బ్రష్ చేసుకోగానే థైరాయిడ్ మాత్ర, అన్నం తినగానే కాల్షియం. మెదడుకు పదును పెడతామని చెప్పే ఫోన్ ఆటలకు డబ్బు కట్టొద్దు, ఆ ఆటలో నేర్పు పెరిగినా పాలు పొంగడం ఆగదు.

వేవిళ్లకు రాత్రి ఇచ్చే డాక్సిలమిన్ మాత్ర మర్నాడు మగతగా ఉంచవచ్చు, జలుబు మాత్రలు కొన్ని కూడా అంతే. మరుపు ఆ మందులు మొదలుపెట్టిన రోజుల నుంచే ఎక్కువైందేమో చూసి, వేళ మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి, సొంతంగా ఆపొద్దు.

ఏ డబ్బాతోనూ కాలయాపన చేయకూడని సందర్భాలు కొన్నున్నాయి. వారాల తరబడి వాంతులై, మాట తికమకగా ఉండి, నడక తూలుతుంటే విటమిన్ బి1 లోపం కావచ్చు. అలాంటప్పుడు బి1 ఎక్కించకుండా గ్లూకోజు సెలైన్ ఒక్కటే ఎక్కిస్తే పరిస్థితి విషమిస్తుంది, వాంతులు ఎన్నాళ్లుగా ఉన్నాయో డాక్టర్‌కు మొదటి మాటలోనే చెప్పండి. అయిదో నెల తర్వాత తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, తికమక ఉంటే బీపీ చూపించాలి, అర్ధరాత్రయినా సరే. పురిటి రోజుల్లో పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ ఎక్కువ, నీళ్లు తగ్గితే మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. తగ్గని తలనొప్పి, మూర్ఛ, ఒకవైపు కాలో చెయ్యో లాగేయడం దాని గుర్తులు. గాలి సోకిందని ఇంట్లో ఉంచొద్దు. నీళ్లు కాచి చల్లార్చి ఇవ్వండి, తగ్గించకండి.

కాన్పయిన మూడో నాలుగో రోజు వచ్చే ఏడుపు రెండు వారాల్లో సర్దుకుంటుంది. అది దాటాక కూడా దిగులు, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోవడం ఉంటే అది మతిమరుపు ఖాతాలో వేయాల్సింది కాదు. ఆసుపత్రిలో కాన్పు తర్వాతి కుంగుబాటును పట్టుకునే ఎడిన్‌బరో ప్రశ్నావళి అడగండి: పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, పది నిమిషాల్లో అయిపోతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. లేనివి వినబడుతున్నాయన్నా, బిడ్డ తనది కాదన్నా, తనకో బిడ్డకో హాని చేసే మాటలన్నా ఫోన్లతో ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆమెను ఒంటరిగా వదలొద్దు.

మాత్రల డబ్బాను కాన్పు సంచిలో వేసుకోండి, ఐరన్, కాల్షియం ఆ తర్వాత ఆరు నెలలూ ఉంటాయి. ఆదివారం నింపే పని ఆ నెలల్లో భర్తో, అత్తో, అమ్మో చేయాలి, తల్లి పక్కన కూర్చుని సరిచూడాలి. ఇంట్లో పెద్దపిల్లాడు ఉంటే డబ్బా వాడికి అందని ఎత్తులో, తలుపున్న అలమారలో ఉండాలి. పది కిలోల పిల్లాడు బిళ్లలనుకుని ఎర్ర మాత్రలు పది మింగితే 600 మి.గ్రా. ఇనుము, కిలోకు 60 మి.గ్రా. చొప్పున. అది ప్రాణం మీదికి వచ్చే మోతాదు. వాంతి కాలేదు కదా, ఆడుకుంటున్నాడు కదా అని ఆగొద్దు, ఖాళీ పట్టీ చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.